టమాటాకు వచ్చింది వైరస్ కాదు, వయ్యారిభామకు కొట్టిన మందే

ప్రశ్న: పక్క ఖాళీ స్థలంలోని వయ్యారిభామ (కాంగ్రెస్ గడ్డి) మా పెరట్లోకి కూడా వస్తోంది. షాపులో ఇచ్చిన 2,4-డి అనే కలుపు మందు పొడి లీటరుకు 10 గ్రాములు కలిపి ఆ స్థలంలో కొట్టాను. గడ్డి చచ్చింది. కానీ వారంలోపే పెరట్లో టమాటా, చిక్కుడు, సొర ఆకులు మెలికలు తిరిగాయి. వైరస్ అని షాపతను ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగు మందు ఇచ్చాడు. అదే పంపుతో కొడితే ఇంకా ఎక్కువైంది. ఏ మందు వాడాలి?
– ఒక రైతు, తాడిపత్రి మండలం, అనంతపురం జిల్లా

జవాబు: ఏ మందూ వాడొద్దు. ఇది వైరస్ కాదు. ఆకుముడత వైరస్ అయితే అక్కడొక మొక్కకు, ఇక్కడొక మొక్కకు మొదలవుతుంది. టమాటా, చిక్కుడు, సొర మూడింటికీ ఒకే వారంలో రాదు. కొత్త ఆకులు సన్నగా పీలికల్లా వచ్చి, ఈనెలు దగ్గరపడి, కాడలు కిందికి వంగి ఉంటే అది 2,4-డి దెబ్బే. ఖాళీ స్థలం వైపు వరుసల్లో ఎక్కువ, దూరంగా తక్కువ ఉందేమో చూడండి. గాలికి తుంపర పడింది. పైగా పంపులో మిగిలిన మందును మీరే ఇమిడాక్లోప్రిడ్‌తో కలిపి నేరుగా మొక్కల మీద పోశారు.

మెలికపడిన చిగుళ్లు తుంచేసి, పలుచగా నీళ్లు పెట్టండి. రెండు మూడు వారాల్లో మంచి చిగురు రాకపోతే మొక్క పీకేయండి. ఇప్పుడున్న కాయలు తినకండి, పశువులకూ వేయకండి. కలుపు మందుకు పంపు వేరేగా ఉండాలి. ఎంత కడిగినా ఆ పంపును ఇక కూరగాయలకు వాడొద్దు.

ఆకు చూడకుండా, పొలం చూడకుండా వైరస్ అని తేల్చే షాపు మాట ఎందుకు వింటారు? పంట లేని చోట వయ్యారిభామకు సిఫారసు లీటరుకు 5 గ్రాములే, మీచేత 10 కొట్టించారు. దెబ్బతిన్న కొమ్మ ఒకటి పట్టుకుని రైతు సేవా కేంద్రానికి వెళ్లి ఉంటే రెండో మందు ఖర్చు తప్పేది.

ఇక అసలు సంగతి. వయ్యారిభామ విత్తనం పక్క స్థలం నుంచి గాలికి కొంత వస్తుంది, కానీ పెరట్లోకి ఎక్కువగా వచ్చేది మీరు తోలుకునే పచ్చి పెంటతోనూ చెరువు మట్టితోనూ. మీ ఎరువు కిలో తీసుకుని పాత పళ్లెంలో పరిచి, పదిహేను రోజులు తడుపుతూ ఉండండి. క్యారెట్ ఆకులాంటి చీలికల మొలకలు లేచాయంటే కలుపును మీరే విత్తుతున్నట్టు. పెంటను కుప్ప వేసి, తడి ఆరకుండా, ఇరవై రోజులకోసారి తిరగేస్తూ మూడు నెలలు మాగనివ్వండి. కుప్ప నడుమ చెయ్యి పెట్టలేనంత వేడి పుట్టాలి, అప్పుడే విత్తనం చస్తుంది.

ఒక్క మొక్క వేలకు వేలు, పదిహేను వేలకు పైగా కూడా విత్తనాలు రాలుస్తుంది. మొలిచిన నెలకే పూత మొదలు. అందుకే వాన పడ్డ మర్నాడు, నేల మెత్తగా ఉండగా, మూడు వారాలకోసారి వేరుతో సహా పీకండి. చేతికి గ్లౌజులు, నిండు చేతుల చొక్కా, ముక్కుకు గుడ్డ తప్పవు. దురద, ఆయాసం ఉన్నవాళ్లు ముట్టుకోకూడదు. పూతకు రానివి ఎరువు గుంతలో వేయవచ్చు. తెల్లపూత కనిపించినవి మాత్రం సంచిలో కట్టి రెండడుగుల లోతున పూడ్చండి. ఉప్పునీళ్లు కొట్టమని ఎవరైనా చెప్తే పెరట్లో చేయకండి, నేల చవుడవుతుంది.

మొక్కల మధ్య వేరుశనగ పొట్టు మూడంగుళాల మందాన పరవండి, మొదలుకు తగలకుండా. మీ వైపు దొరకని సరుకు కాదు. చెదలుంటే మాత్రం ఎండుగడ్డి, పొట్టు రెండూ మానండి. ప్రహరీ వెంట బంతి, బయట తగిరిస చల్లితే వయ్యారిభామకు చోటుండదు.

మీకు వేరుశనగ చేను కూడా ఉంటే ఇది ఇంకా ముఖ్యం. 2000 ఖరీఫ్‌లో మీ జిల్లాలో రెండు లక్షల హెక్టార్లకు పైగా వేరుశనగను దెబ్బతీసిన కాండం కుళ్లు వైరస్‌కు వయ్యారిభామే ఆశ్రయం. దాని పుప్పొడి ఆకు మీద పడుతుంది, తామర పురుగు గీకిన గాట్లలోంచి వైరస్ లోపలికి పోతుంది. వయ్యారిభామ మాత్రం ఏ లక్షణమూ లేకుండా పచ్చగా ఉంటుంది. కాబట్టి చేను విత్తే ముందే గట్ల మీద పూతకు రాకుండా పీకించి, చేను చుట్టూ నాలుగు వరుసలు జొన్న గానీ సజ్జ గానీ వేయండి.