పిస్టల్ మారినా గురి నిలవాలంటే

(పోలీసు శిక్షణలో చాలా ఏళ్లు ఫైరింగ్ నేర్పి, రిటైరై తిరుపతిలో స్థిరపడిన అధికారి పాఠకుల ప్రశ్నలకు ఇస్తున్న జవాబులు.)

ప్రశ్న: మా అమ్మాయికి పదహారేళ్లు. తిరుపతిలో ఇంటర్ చదువుతోంది. రెండేళ్లుగా 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ సాధన చేస్తూ మంచి స్కోర్లు తెచ్చుకుంది. ఆరు నెలల క్రితం 25 మీటర్ల విభాగం కోసం మందుగుండుతో పేలే .22 పిస్టల్ కూడా మొదలుపెట్టింది. అప్పటినుంచి కొత్తదానిలో స్కోరు రావడం లేదు సరికదా, పాతదానిలోనూ పడిపోతోంది. రెండు పడవల మీద కాళ్లు పెట్టవద్దని ఇంట్లో పెద్దలు అంటున్నారు. ఒకటి మాన్పించమంటారా?
— ఒక తండ్రి, తిరుపతి

జవాబు: మాన్పించకండి. రెండింటినీ కలిపి సాధన చేయడం ఈ ఆటలో మామూలు విషయమే. మను భాకర్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో జులై 28న 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో కాంస్యం గెలిచి, 30న సరబ్‌జోత్ సింగ్‌తో కలిసి మిక్స్‌డ్ విభాగంలో మరో కాంస్యం అందుకుని, ఆగస్టు 3న 25 మీటర్ల ఫైనల్లో నాలుగో స్థానంలో నిలిచింది. మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రెండు విభాగాల్లోనూ వ్యక్తిగత రజతాలు సాధించింది. ఒక పిస్టల్ అలవాటు ఇంకో పిస్టల్‌ను చెడగొట్టక తప్పదన్నది నిజమైతే ఇవి సాధ్యమయ్యేవి కావు. అయితే ఆ అలవాట్లు ఒకదానిలోకి ఒకటి చొరబడకుండా కాపాడుకోవడం దానంతట అది వచ్చేది కాదు, పనిగట్టుకుని నేర్పవలసిన విద్య.

మీ అమ్మాయి చేతికి ఏమి జరుగుతున్నదో చూద్దాం. నిబంధనల ప్రకారం ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువును ఆపగలగాలి. 25 మీటర్ల పిస్టల్‌కు అది 1000 గ్రాములు. అంటే ఆరు నెలలుగా ఆమె చూపుడువేలు ఒకరోజు ఒక బరువునూ, మరునాడు దానికి రెట్టింపు బరువునూ నొక్కుతోంది. బరువైన ట్రిగ్గర్‌కు అలవాటుపడిన వేలు తేలికదాని మీదికి వచ్చినప్పుడు, ఫోర్‌సైట్ (గొట్టం చివర పైన ఉండే గురి ముక్క) ఇంకా కుదురుకోకముందే దెబ్బ పేలిపోతుంది. తేలికదానికి అలవాటుపడిన వేలు బరువైనదాని మీదికి వెళితే, ఎంత నొక్కినా పేలడం లేదన్న తొందరలో చివరి క్షణంలో గుంజుతుంది. రెండు తప్పులూ వేలివే అయినా వాటి మందులు వేరు. కాబట్టి ముందుగా అమ్మాయి టార్గెట్ కాగితాలను పారేయకుండా తేదీ వేసి దాచమనండి. ఎలక్ట్రానిక్ టార్గెట్ అయితే స్కోరుతోపాటు దెబ్బలు ఎటు పడ్డాయో కూడా పుస్తకంలో గీసుకోమనండి. కుడిచేతి వాటం వారి .22 దెబ్బలు కిందికి, ఎడమకు గుంపుగా పడుతుంటే అది గుంజుడో, పేలుడుకు జంకడమో అని దాదాపు ఖాయంగా చెప్పవచ్చు.

ఆ జంకు సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే ఎయిర్ పిస్టల్ నుంచి వచ్చిన పిల్లల్లో నేను ఎక్కువగా చూసింది అదే. ఎయిర్ పిస్టల్‌లో ఒత్తిడిగాలి 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్‌ను సెకనుకు సుమారు 150 మీటర్ల వేగంతో నెడుతుంది. చప్పుడు తక్కువ, చేతికి తగిలే తోపు ఇంకా తక్కువ. .22 గుండు దానికంటే చాలా ఎక్కువ వేగంతో వెళుతుంది, చెవికి దెబ్బ తెలుస్తుంది, మజిల్ (గొట్టం మూతి) పైకి లేస్తుంది. నొప్పి ఏమీ లేకపోయినా, పైకి లేస్తుందని ముందే తెలిసిన మణికట్టు ఆ లేవడాన్ని అణచడానికి తనకు తెలియకుండానే కిందికి వంగుతుంది. దీన్ని బయటపెట్టడానికి మంచి ఉపాయం ఒకటి ఉంది. కోచ్ తన చేత్తో మ్యాగజైన్ నింపుతూ, అమ్మాయికి తెలియకుండా అసలు గుండ్ల మధ్య ఒకటి రెండు డమ్మీ గుండ్లు కలపాలి. డమ్మీ వచ్చినప్పుడు చప్పుడు ఉండదు, తోపు ఉండదు. అయినా మజిల్ చటుక్కున కిందికి వంగితే అది అమ్మాయి కళ్లకే కనిపిస్తుంది. వందసార్లు చెప్పినా ఎక్కనిది ఆ ఒక్క వంపు చూస్తే ఎక్కుతుంది. ఎవరూ మందలించనక్కరలేదు.

పెల్లెట్ నెమ్మదిగా వెళ్లడంలో ఇంకొక చిక్కు ఉంది. ట్రిగ్గర్ పేలిన తర్వాత అది బ్యారెల్‌ను విడవడానికి .22 కంటే ఎక్కువ సమయం పడుతుంది. ఆ లోపల చెయ్యి కదిలితే దెబ్బ కూడా కదులుతుంది. కనుక ఎయిర్ పిస్టల్‌లో పేలిన తర్వాత కూడా ఒకటి రెండు సెకన్లు గురిలోనే నిలిచి ఉండే అలవాటు ప్రాణంలాంటిది. 25 మీటర్ల ర్యాపిడ్ భాగంలో చెయ్యి 45 డిగ్రీలకు దించి ఉంచాలి, టార్గెట్ కనిపించే మూడు సెకన్లలో చెయ్యి ఎత్తి ఒక్క దెబ్బ కొట్టాలి, మళ్లీ ఏడు సెకన్లు ఆగాలి. ఈ మూడు సెకన్ల తొందరను అమ్మాయి ఎయిర్ పిస్టల్‌లోకి మోసుకువస్తున్నదేమో గమనించండి. 60 దెబ్బలకు 75 నిమిషాలు ఇచ్చే ఆటలో ఆ తొందరకు చోటు లేదు.

మార్పులను తగ్గించుకోగలిగిన చోట తగ్గించుకోవడం తెలివైన పని. పార్దిని, మోరిని, వాల్థర్ వంటి కంపెనీలు ఎయిర్, .22 రెండు రకాలూ తయారుచేస్తాయి. ఒకే కంపెనీవి దొరికితే చేతికి పోలిక ఎక్కువ. అది కుదరకపోయినా దిగులుపడకండి. చెక్క గ్రిప్‌లను ఒకే చేతికి సరిపోయేలా చెక్కించుకోవచ్చు, ట్రిగ్గర్‌ను ముందుకూ వెనక్కూ జరుపుకోవచ్చు, ఫోర్‌సైట్ వెడల్పును మార్చుకుని రెండింటిలోనూ దానికి రెండు పక్కలా కనిపించే వెలుతురు సందు ఒకేలా ఉండేటట్టు చేసుకోవచ్చు. వేలు ఎక్కడ పడుతున్నదో తెలుసుకోవడానికి మేము ఒక చిన్న పని చేసేవాళ్లం: పిస్టల్ ఖాళీ అని ఇద్దరు చూసిన తర్వాత, చూపుడువేలి మొదటి కణుపు మెత్తని భాగానికి కాస్త కుంకుమ అద్ది, గ్రిప్ పట్టుకుని వేలిని ట్రిగ్గర్ మీద ఉంచి తీసేస్తే, వేలి మీద కుంకుమ చెరిగిన గీత కనిపిస్తుంది. ఎయిర్ పిస్టల్‌కు ఆ గీత కణుపు మధ్యలోనూ, .22కు మడత దగ్గరా పడుతుంటే, మీరు అమ్మాయికి చెప్పవలసిన సగం జవాబు ఆ వేలి మీదే ఉంది. ఆ తర్వాత ట్రిగ్గర్‌ను శుభ్రంగా తుడవడం మరవకండి.

ఒకేరోజు రెండింటినీ సాధన చేయవలసివస్తే ముందు ఎయిర్, తర్వాత .22 అన్న క్రమాన్నే నేను ఇష్టపడతాను. చెయ్యి తాజాగా ఉన్నప్పుడు తేలిక ట్రిగ్గర్‌తో పని నడుస్తుంది. 1000 గ్రాముల తర్వాత 500 గ్రాములకు దిగడం కంటే ఎక్కడం సులువు. మధ్యలో కనీసం పది నిమిషాలు ఖాళీ పిస్టల్‌తో, టార్గెట్ లేకుండా, తెల్లగోడకు ఎదురుగా ట్రిగ్గర్ నొక్కడమే చేయించండి. కళ్లకు చూడడానికి ఫోర్‌సైట్ తప్ప మరేమీ ఉండకూడదు. కొత్త ట్రిగ్గర్ ఎక్కడ పేలుతుందో వేలు గుర్తు తెచ్చుకున్నాకే గుండు ఎక్కించాలి. డ్రై ప్రాక్టీస్ (గుండు లేకుండా నొక్కే సాధన) ఏర్పాటు లేని .22 పిస్టల్‌లో డమ్మీ లేకుండా ఫైరింగ్ పిన్నును ఖాళీగా కొట్టించవద్దు, ఛాంబర్ (గుండు కూర్చునే గది) అంచు దెబ్బతింటుంది. పోటీకి చివరి పది రోజులలో మాత్రం ఏ పోటీకి వెళుతున్నదో ఆ పిస్టల్‌నే ఎక్కువగా చేతిలో ఉంచండి.

ఇంటర్ పరీక్షల కాలంలో స్కోరు తగ్గడాన్ని పిస్టల్ మీదికి నెట్టవద్దని కూడా మనవి. నిద్ర చాలని చెయ్యి ఏ పిస్టల్‌నూ నిలకడగా పట్టుకోలేదు.

ప్రశ్న: నేను సబ్ ఇన్‌స్పెక్టర్‌ను. సర్వీసు మొదటినుంచీ మన ఫ్యాక్టరీలో తయారైన 9 ఎంఎం ఉక్కు పిస్టల్‌తోనే ఫైరింగ్ చేశాను. ఇప్పుడు శేషాచలం అడవుల్లో డ్యూటీ పడి గ్లాక్ పిస్టల్ ఇచ్చారు. నింపాదిగా కొడితే బాగానే పడుతున్నాయి, త్వరగా ఎత్తి కొడితే పైకి పోతున్నాయి. దీనికి లేని సేఫ్టీని (పొరపాటున పేలకుండా ఆపే మీటను) నా బొటనవేలు వెతుకుతోంది. స్టేషన్ డ్యూటీకి తిరిగి వెళితే మళ్లీ పాతదే ఇస్తారు. ఏం చేయాలి?
— పేరు వద్దన్న పాఠకుడు, చిత్తూరు

జవాబు: దెబ్బలు పైకి పోవడానికి కారణం గ్లాక్ పిడి వంపు. మీ పాత పిస్టల్ కంటే దాని పిడి వెనక్కి ఎక్కువగా వాలి ఉంటుంది. పాత పిస్టల్‌కు అలవాటుపడిన మణికట్టు అదే కోణంలో పైకి లేచేసరికి గ్లాక్ మజిల్ ఆకాశాన్ని చూస్తుంది. నింపాదిగా కొట్టినప్పుడు కళ్లు దాన్ని సరిచేస్తాయి; తొందరలో కళ్లకు ఆ అవకాశం ఉండదు. పిస్టల్ ఖాళీ అని నిర్ధారించుకుని, గుండ్లు ఆ గదిలోనే లేకుండా చేసి, కళ్లు మూసుకుని రెండు చేతులతో గురి వరకు ఎత్తండి. ఎత్తిన తర్వాత కళ్లు తెరవండి. మొదటిరోజు ఫోర్‌సైట్ బ్యాక్‌సైట్ (వెనక ఉండే గురి ముక్క) గాడికి పైన నిలబడి కనిపిస్తుంది. మణికట్టును కొంచెం ముందుకు దించి సరిచేసుకుని, మళ్లీ కిందినుంచి మొదలుపెట్టండి. రోజుకు ముప్ఫై సార్లు, ఒక నెల ఇలా చేస్తే కళ్లు తెరిచేసరికి ఫోర్‌సైట్ గాడిలోనే ఉంటుంది. దీనికి ఒక్క గుండు కూడా ఖర్చు కాదు. ఏడాదికి కొద్ది గుండ్లతోనే సరిపెట్టుకోవలసిన మనవంటివారికి ఇదే అసలైన ఫైరింగ్.

బొటనవేలి సంగతి ఇంతకంటే ముఖ్యం. నేను మొదట్లో రివాల్వర్ వాడినవాణ్ణి. తర్వాత పిస్టల్ ఇచ్చిన ఏడాది టైం ఫైరింగ్‌లో విజిల్ మోగగానే ఎత్తి ట్రిగ్గర్ నొక్కితే కదలలేదు. మళ్లీ నొక్కాను, కదలలేదు. సేఫ్టీ వేసి ఉందని గుర్తువచ్చేసరికి టార్గెట్ తిరిగిపోయింది. అక్కడ ఎదురుగా ఉన్నది అట్టముక్క కనుక నేను ఈనాడు ఈ జవాబు రాస్తున్నాను. అందుకే మీకు నా సలహా ఇది: గ్లాక్‌కు బొటనవేలి సేఫ్టీ లేకపోయినా, ఎత్తేటప్పుడు బొటనవేలిని కిందికి అదిమే అలవాటును వదలకండి. గ్లాక్‌లో ఆ కదలికతో నష్టం లేదు. పాతది తిరిగి చేతికి వచ్చిననాడు అదే మిమ్మల్ని కాపాడుతుంది. బొటనవేలు స్లయిడ్ స్టాప్ (పిస్టల్ పై భాగమైన స్లయిడ్‌ను వెనక్కి నిలిపే మీట) మీద ఆనకుండా మాత్రం చూసుకోండి, ఆనితే చివరి గుండు తర్వాత స్లయిడ్ వెనక్కి నిలవదు, ఖాళీ అయిందని మీకు తెలియదు. స్లయిడ్ మీదే సేఫ్టీ ఉండే కొన్ని పిస్టళ్లలో అది పైకి తోస్తే తెరుచుకుంటుంది, కనుక ఎప్పుడైనా అటువంటిది చేతికి వస్తే దానికి వేరుగా సాధన చేయాలి.

గ్లాక్‌లో సేఫ్టీ ట్రిగ్గర్‌లోనే ఉంది. అంటే నొక్కాలని నిర్ణయించేవరకు మీ వేలు ట్రిగ్గర్ గార్డు బయట ఫ్రేము మీద ఉండడమే దాని మొదటి సేఫ్టీ. ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే హోల్‌స్టర్‌నే వాడండి. అడవిలో చీకటిలో పరుగెత్తే డ్యూటీలో నడుము దగ్గర వదులుగా దోపుకోవడం పాత పిస్టల్‌తోనే తప్పు, దీనితో ఇంకా పెద్ద తప్పు. డ్యూటీ మారి పాత పిస్టల్ చేతికి తీసుకున్న ప్రతిసారీ, తీసుకున్నట్టు సంతకం పెట్టిన తర్వాత, ఖాళీ చేసి, సురక్షితమైన దిక్కుకు తిప్పి, సేఫ్టీ తీసి నొక్కడం పదిసార్లు చేసి అప్పుడు లోడ్ చేసుకోండి.

ప్రశ్న: నేను మాజీ సైనికుణ్ణి. లైసెన్సుతో .32 రివాల్వర్ ఉంది. ఇప్పుడు .32 పిస్టల్ కూడా తీసుకోవాలని ఉంది. రెండూ .32 కదా, ఇబ్బంది ఉండదనుకుంటున్నాను.
— పాఠకుడు, పలమనేరు

జవాబు: 2019 సవరణ తర్వాత ఆయుధాల చట్టం ఒకరికి రెండు ఆయుధాలను అనుమతిస్తోంది కనుక అడగడంలో తప్పు లేదు, నిర్ణయం లైసెన్సు ఇచ్చే అధికారిది. కానీ "రెండూ .32 కదా" అన్న మాటను మనసులోంచి తీసేయండి. మన దేశంలో తయారయ్యే .32 రివాల్వర్‌కు పొడవాటి, అడుగున అంచు ఉన్న స్మిత్ అండ్ వెసన్ లాంగ్ గుండు కావాలి; .32 పిస్టల్‌కు పొట్టిగా ఉండే ఏసీపీ గుండు కావాలి. ఒకదానికి ఒకటి పనికిరావు, పనికి వస్తుందేమోనని ప్రయత్నించనూ కూడదు. సాధనకు దొరికే సమయాన్ని రెండు ఆయుధాల మధ్య పంచుకోవలసివస్తుంది, అంటే దేనికీ తగినంత సాధన ఉండదు. రివాల్వర్ సుత్తిని ఎత్తకుండా నొక్కేటప్పుడు పొడుగ్గా, బరువుగా సాగే ట్రిగ్గర్‌కు, పిస్టల్ పొట్టి ట్రిగ్గర్‌కు మధ్య తేడా మీ వయసులో వేలికి చిన్నది కాదు.

ఆత్మరక్షణకే అయితే మీ చేతికి ఏళ్లుగా తెలిసిన రివాల్వర్‌ను ఉంచుకుని, కొత్తదాని డబ్బుతో రేంజ్‌కు వెళ్లి దానితోనే సాధన చేయడం మేలని నా అభిప్రాయం. అయినా కొంటే, ఇంట్లో వాడకానికి ఉంచే ఆయుధం ఏదో ఒక్కటే అయి ఉండాలి, రోజుకొకటి మార్చవద్దు. రెండు రకాల గుండ్లను రెండు రంగుల డబ్బాలలో, రెండు వేరు అరలలో తాళం వేసి ఉంచండి. డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఒకదానికి "రివాల్వర్", ఒకదానికి "పిస్టల్" అని తెలుగులోనే రాయండి.