పేలుడు, ఢీకొట్టడం లాంటి లోడ్ ఒక్కసారిగా పడితే స్టీల్ బలం పెరుగుతుందా తగ్గుతుందా?

పెరుగుతుంది, కానీ అంతమాత్రాన సేఫ్ అనుకోవద్దు. ల్యాబ్‌లో టెన్సైల్ టెస్ట్‌కి ముక్కని చాలా మెల్లగా లాగుతారు, మన ఈ250 (E250) గ్రేడ్ స్టీల్‌కి చెప్పే 250 మెగాపాస్కల్ యీల్డ్ (స్టీల్ మళ్లీ వెనక్కి రాకుండా సాగడం మొదలయ్యే స్ట్రెస్) అలా లాగినప్పటిదే. పేలుడులో స్ట్రెయిన్ రేట్ (స్టీల్ సాగే వేగం) సెకనుకి 100 కూడా దాటొచ్చు, అప్పుడు లోపల డిస్‌లొకేషన్లు (స్ఫటికాల అమరికలో ఉండే లోపాలు, ఇవి కదిలితేనే స్టీల్ సాగుతుంది) కదలడానికి టైమ్ దొరకదు కాబట్టి ఇంకా ఎక్కువ స్ట్రెస్ పెడితే గానీ స్టీల్ లొంగదు. వేగాన్ని బట్టి యీల్డ్ ఎంత పెరుగుతుందో లెక్కేసే కౌపర్-సైమండ్స్ ఫార్ములాలో మైల్డ్ స్టీల్‌కి మామూలుగా వాడే విలువలు వేసి చూడండి, సెకనుకి 40 దగ్గరే యీల్డ్ రెట్టింపు వస్తుంది! అల్టిమేట్ బలం (తెగే ముందు మోయగలిగే గరిష్ట స్ట్రెస్) అంత పెరగదు, హై స్ట్రెంగ్త్ స్టీల్స్‌లో ఈ ఎఫెక్టే తక్కువ, ఎలాస్టిక్ మాడ్యులస్ (యీల్డ్‌కి ముందు స్టీల్ ఎంత బిర్రుగా ఉంటుందో చెప్పే విలువ) దాదాపు మారదు.

నా భయమంతా జాయింట్ల గురించే. బీమ్ యీల్డ్ పెరిగిందంటే అది తొందరగా వంగదు, ఆ ఫోర్సంతా వెల్డ్ మీదకో బోల్ట్ మీదకో పోతుంది, పైగా వేగానికి చలీ, నాచ్ (గాటు) తోడైతే స్టీల్ సాగకుండా పెళుసుగా పగులుతుంది. 1994లో లాస్ ఏంజిలస్ దగ్గర నార్త్‌రిడ్జ్ భూకంపం వచ్చినప్పుడు, స్ట్రెయిన్ రేట్ పేలుడుకంటే చాలా తక్కువే అయినా, చాలా స్టీల్ బిల్డింగుల్లో బీమ్ కింది ఫ్లాంజ్ (అడ్డపలక) వెల్డ్ దగ్గర పగుళ్లొచ్చాయి, వెల్డ్ మెటల్‌కి టఫ్‌నెస్ (పగలకుండా తట్టుకునే గుణం) తక్కువ, బ్యాకింగ్ బార్ (వెల్డ్ వెనక ఆనించే పట్టీ) దగ్గర నాచ్ ఉండిపోయింది. అందుకే ఇలాంటి డిజైన్లకి యీల్డ్ ఒక్కటే చూడకండి, ప్లేట్‌కీ వెల్డ్‌కీ చార్పీ వాల్యూ (నాచ్ పెట్టిన ముక్కని దెబ్బకొట్టి టఫ్‌నెస్ కొలిచే టెస్ట్ ఫలితం) కూడా అడగండి.