బంతిలో బంతి: మా నాన్న సబ్బు మీద చేసి చూపించిన పని

"చైనా చక్రవర్తుల కాలం నాటి దంతపు చెక్కడాల్లో అంత గొప్పేముంది? ఆ బొమ్మలకు అర్థాలున్నాయా?" అని ఒకరు నన్ను అడిగారు. తైవాన్‌లో ఉద్యోగం చేస్తున్నప్పుడు మా నాన్నను తైపేలోని నేషనల్ ప్యాలెస్ మ్యూజియంకి తీసుకెళ్లాను. బీజింగ్‌లోని చక్రవర్తుల కోట వస్తువుల్లో కొంత భాగం 1948-49లో తైవాన్‌కి చేరింది. నాన్న తెనాలిలో నలభై ఏళ్లు బంగారం పని చేసిన మనిషి.

జనమంతా జేడ్ అనే ఆకుపచ్చ రాయిలో చెక్కిన క్యాబేజీ దగ్గర ఫోన్లు ఎత్తి తోసుకుంటున్నారు. అంత దూరం వచ్చి వస్తువును కళ్లతో చూడకుండా వెళ్లిపోతారెందుకో నాకు అర్థం కాదు. నాన్న మాత్రం దంతపు బంతి దగ్గర ఆగిపోయారు. బంతిలో బంతి, దానిలో ఇంకో బంతి, ప్రతి పొరా జల్లెడలా చెక్కి ఉంది. ఎన్ని పొరలో లెక్కపెట్టబోయి మధ్యలో తప్పారు. "ఎక్కడా అతుకు లేదురా" అన్నారు.

అతికించరు మరి. దంతాన్ని గుండ్రంగా చేసి, చుట్టూ అన్ని వైపుల నుంచీ నడిమధ్యకు పోనుపోను సన్నబడే రంధ్రాలు వేస్తారు. వాటిలోంచి కొన వంగిన ఉలి పెట్టి, ఒకే లోతులో తిప్పుతూ పొరను విడదీస్తారు. అన్నిటికంటే లోపలి బంతే ముందు విడివడాలి. "ఇది కంటితో చేసే పని కాదు, ఉలి చప్పుడు వింటూ చేసే పని" అన్నారు నాన్న. నేను నమ్ముతాను. 1388 నాటి ఒక చైనా పుస్తకంలో ఇలాంటి బంతిని "దయ్యం పని" అన్నారు. నాకా పేరు నచ్చదు. మనిషి చేసిన పనిని దయ్యానికి కట్టబెట్టడమేమిటి?

ఈ బంతులకు పేరుపడ్డది దక్షిణ చైనాలోని గ్వాంగ్‌జౌ నగరం. అక్కడి చేతులే బీజింగ్ కోటలోని కార్ఖానాకీ వెళ్లాయి. అలా వెళ్లిన దంతపు పనివాడు చెన్ జూజాంగ్. 1737లో ఆయన ఆలివ్ గింజను పడవగా చెక్కాడు. పొడవు మూడున్నర సెంటీమీటర్లు కూడా లేదు, అందులో ఎనిమిది మంది మనుషులు, తెరుచుకునే కిటికీలు! అడుగున తన పేరు కూడా చెక్కుకున్నాడు. పేరు మిగిలిన పనివాళ్లు ఎంతమందని?

అర్థాల సంగతికొస్తే, చైనా భాషలో ఏనుగునూ శుభాన్నీ దాదాపు ఒకేలా పలుకుతారు. పూలకూజా మాటా శాంతి మాటా ఒకటే పలుకుతాయి. అందుకే వీపు మీద కూజా మోసే ఏనుగు బొమ్మ కనిపిస్తే రాజ్యం చల్లగా ఉందని. గబ్బిలం అదృష్టం, పీచ్ పండు దీర్ఘాయుష్షు, అయిదు గోళ్ల డ్రాగన్ చక్రవర్తి.

అయితే ఆ శుభం ఏనుగుకు మాత్రం దక్కలేదు. దంతాన్ని సన్నటి పట్టీలుగా చీల్చి చాపలు కూడా అల్లించారు. ఇదేం దుబారా అని 1734లో యోంగ్‌జెంగ్ చక్రవర్తే ఆ చాపలు మాన్పించాడు. దంతం వ్యాపారం మొత్తాన్ని చైనా ఆపింది 2017 చివర్లో. చాలా ఆలస్యం. కళ చచ్చిపోతుందని ఏడ్చేవాళ్ల మాట నేను ఒప్పుకోను. పనితనం ఉన్నది చేతిలో, దంతంలో కాదు. ఇప్పుడు ఎప్పుడో అంతరించిపోయిన మామత్ ఏనుగుల దంతం మీదా ఎముక మీదా చెక్కుతూనే ఉన్నారు.

ఆ రాత్రి ఇంటికొచ్చాక నాన్న కొత్త సబ్బు ఒకటి అడిగారు. దాన్ని గుండ్రంగా చెక్కి, నా భార్య జడపిన్ను కొన వంచి, పన్నెండు దాటేదాకా కూర్చున్నారు. పొద్దున లేచి చూస్తే బల్ల మీద సబ్బు బంతి ఉంది. వేలితో కదిపితే లోపల గోళీకాయంత ఇంకో బంతి తిరిగింది.