తొలి బిందె నీళ్లు నువ్వే రుచి చూడు

చిట్టీ,

పేదోళ్లకు తక్కువ ఖర్చుతో ఇళ్లు కట్టే సంస్థలో చేరతానన్నావంట, అదీ కావలి అవతల తీరం ఊళ్లలో. మీ నాయన రాత్రి ఫోన్ చేసి జీతం తక్కువని ఒకటే బాధ. వాడికి సర్దిచెప్పాను గానీ నాకే నిద్ర పట్టలేదు. మన ఇంటి ఆడపిల్ల సిమెంటు తట్ట మోయకుండా, పని చూసుకునే ఇంజనీరుగా నిలబడబోతుందంటే గుండె నిండిపోయింది. భయమూ పట్టుకుంది. దేనికో చెప్తాను.

పట్టా ఇంటావిడ పేరున ఉందో లేదో కాగితం నువ్వే చూడు. నల్లరేగడి నేలైతే పునాదిలో డబ్బు మిగల్చొద్దు. ఎండకి పగిలి వానకి ఉబ్బే నేల అది. పొయ్యి ఏ మూలో ఆడవాళ్లని అడిగాకే గీత గియ్యి, సముద్రపు గాలికి పొగంతా ఇంట్లోకే తిరుగుతుంది. మిగతావి నీ పుస్తకాల్లో ఉంటాయి.

ఇక ఉప్పు సంగతి. 1984 నవంబరు తుపానుకి మా గుడిసెలు కొట్టుకుపోయాక మాకొక కాలనీ కట్టించారు. కట్టించినవాళ్లు చెడ్డవాళ్లు కాదు, తొందరపడ్డారు. మా మంచినీళ్ల దొరువు, అంటే ఇసుకలో తవ్వుకున్న నీళ్ల గుంట, ఊరి అవతల ఇసుక దిబ్బల్లో ఉండేది. అక్కణ్ణించి మోయిస్తే కూలి ఎక్కువవుతుందని బకింగ్‌హాం కాలువ గట్టున గుంట తవ్వించి ఆ నీళ్లతోనే స్లాబు మాలు కలిపించారు. మోసింది మేమే. మీ మామ తాపీ కింద పెట్టి, "అయ్యా, ఇవి ఉప్పు నీళ్లు, ఇనుముకి పనికిరావు" అని చెప్పాడు. సూపర్వైజరు వినలేదు. రేపటికి పనుండాలి గదా, మీ మామ మళ్లీ తాపీ పట్టుకున్నాడు.

ఇల్లు చూసి ఎంత మురిసిపోయామో! కొన్నేళ్లకు స్లాబు అడుగున సన్నని గీతలు, వాటెంట ఎర్రటి చారలు. తుప్పు పట్టిన కడ్డీ లావెక్కుతుంది, లావెక్కి కాంక్రీటుని లోపల్నించే చీలుస్తుంది. అది అప్పుడు మాకు తెలీదు, సున్నం కొట్టుకుని ఊరుకున్నాం. ఒక రాత్రి పెద్ద పెచ్చు ఊడి మా అత్త భుజం మీద పడింది. ఆ చెయ్యి మళ్లీ పైకి లేవలేదు. పోయేదాకా ఆమెకి నేనే తల దువ్వి కొప్పు పెట్టేదాన్ని. ఆ తర్వాత కాలనీలో అందరం ఇంటి ముందు తాటాకు పంచ వేసుకుని దాని కిందే పడుకున్నాం, స్లాబు ఇల్లు పెట్టుకుని.

కడ్డీలు వేసే కాంక్రీటుకి కలిపే నీళ్లలో క్లోరైడు, అదే ఉప్పు, లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని నువ్వే కదా చెప్పావు. ప్రతి బోరు నీళ్లకీ పరీక్ష చేయించు. ఎండాకాలం మళ్లీ చేయించు, అప్పుడు మన బోర్లలో ఉప్పు పెరుగుతుంది. కాగితం చేతికొచ్చినా తొలి బిందె నీళ్లు నోట్లో పోసుకుని చూడు. సముద్రపు ఒడ్డు ఇసుక రానివ్వొద్దు, పెన్న ఇసుకే దించుకో. కడ్డీలు అడుగు పలకకి తగలకుండా కింద కవరింగ్ బిళ్లలు పెట్టారో లేదో వంగి చూడు.

నువ్వు మెతక, అదే నా దిగులు. చిన్నప్పుడు నీ పలక ఎవరు లాక్కున్నా ఊరుకునేదానివి. "ట్యాంకరు రాలేదు మేడం, ఈ పూటకి ఈ నీళ్లు కానిద్దాం" అంటాడు మేస్త్రి. ఒప్పుకున్నావో నా చేత తిట్లు తింటావు. పని ఆపించు, వచ్చినవాళ్లకి ఆ రోజు కూలి ఇచ్చి పంపించు. ఆఫీసులో అరిస్తే అరవనీ తల్లీ.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో చేపల వేట నిషేధం. అప్పుడు మగవాళ్లంతా ఇళ్ల దగ్గరే ఉంటారు, చేతిలో పైసా ఉండదు. శ్రమదానం అని ఊరికే పిలవకండి, కూలి ఇవ్వండి. రోహిణి ఎండల్లో పని గనక స్లాబు మీద మడి కట్టించి నీళ్లు నిలబెట్టాలి. మనకి పెద్ద వానలు అక్టోబరు నుంచి గదా, ఈలోపే కప్పు పడాలి. అప్పటిదాకా ఎవరి గుడిసే పీకనివ్వొద్దు. పిల్లల్ని పెట్టుకుని ప్లాస్టిక్ పట్టా కింద కార్తీకమాసం గడిపినదాన్ని, అందుకే చెప్తున్నా.

తలకి గుడ్డ కట్టుకో, మజ్జిగ సీసా మర్చిపోవద్దు. నీకసలే ఎండ పడదు.

మీ నాయన సంగతి నేను చూసుకుంటా. మొదటి స్లాబు పోసే తేదీ ముందే చెప్పు, బస్సెక్కి వస్తాను. కడ్డీలూ సెంట్రింగూ నువ్వు చూసుకో, నీళ్ల డ్రమ్ముల దగ్గర నేను నిలబడతాను.

మీ అత్త