ఆయాలకు కొత్త పద్ధతులు నేర్పేదెలా?

ప్రశ్న: గాజువాకలో చిన్న క్రెష్ నడుపుతున్నాను. ఇద్దరు ఆయాలు, 18 మంది పిల్లలు. పద్ధతులు మారుతున్నాయంటున్నారు. వాటిని అందుకోవడం ఎలా మేడమ్?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరిలా అడగడమే సంతోషంగా ఉందమ్మా. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2024లో తెచ్చిన 'నవచేతన' మార్గదర్శిని ముందు చదవండి. మూడేళ్లలోపు పిల్లలతో ఏ వయసులో ఏం ఆడించాలో, ఎలా మాట్లాడాలో అందులో ఉంది.

ఎంవీపీ కాలనీలో నేను క్రెష్ నడిపినప్పుడు, శనివారం పిల్లలు నిద్రపోయాక ఆయాలతో కూర్చుని ఒక్క పనే సాధన చేసేవాళ్లం. ఉదాహరణకు డైపర్ మార్చడం. సామాన్లన్నీ ముందే చేతికందేలా పెట్టుకోవాలి. ఒక చెయ్యి ఎప్పుడూ బిడ్డ మీదే ఉండాలి. అయ్యాక తమ చేతులతో పాటు బిడ్డ చేతులూ సబ్బుతో కడగాలి. ఈ చివరిదే అందరూ మర్చిపోతారు! కాగితం రాసి గోడకు అంటిస్తే సరిపోదు, చేసి చూపించాలి.

ఏడాదిలోపు బిడ్డను వెల్లకిలానే పడుకోబెట్టాలి, దిండు వద్దు. మన వైజాగ్ ఉక్కపోతకు దుప్పటి ఎలాగూ అక్కర్లేదు. 'మా అత్త బోర్లానే పడుకోబెట్టేది' అని ఆయా అంటే కసరకండి. ఊపిరాడని ప్రమాదం గురించి నెమ్మదిగా చెప్పండి.

గొంతులో పల్లీ ఇరుక్కుంటే ఏం చేయాలో మాత్రం శిక్షణ పొందినవాళ్ల దగ్గరే నేర్పించండి. ఏటా మళ్లీ చేయించండి.