డాక్టరమ్మ "పెళ్ళయిందా" అని అడిగితే

మొన్న ఒక చెల్లి రాసింది. చైనాలో ఎంబీబీఎస్ రెండో ఏడు. "రెండు నెలలుగా డేట్ రాలేదక్కా, ఆసుపత్రికి వెళ్ళాలంటే భయం, ఇంట్లో చెప్పుకోలేను" అని. ఇలా అడిగేవాళ్ళు చాలామందే ఉన్నారు కాబట్టి అందరికీ కలిపి చెబుతున్నా. నేను హాంగ్‌జౌ వచ్చి పద్నాలుగేళ్ళు.

ఇక్కడి ఆడపిల్లలు నెలసరిని "దా యీమా" అంటారు, అంటే పెద్దమ్మ. పక్కింటమ్మాయి "పెద్దమ్మ వచ్చింది" అంటే నేను పాపం చుట్టాలొచ్చారనుకుని టీ పెట్టబోయాను. కడుపునొప్పి అంటే చాలు, వేడినీళ్ళు తాగమంటారు. మన బెల్లంలాంటి ఎర్ర చక్కెర, అల్లం వేసి మరిగించి ఇస్తారు. హాయిగానే ఉంటుంది, కానీ రెండు నెలలు రానిదానికి అది మందు కాదు.

పాస్‌పోర్టు పట్టుకుని పెద్ద ప్రభుత్వ ఆసుపత్రికే వెళ్ళు. కౌంటర్లో "ఫూఖ" అంటే గైనిక్ చీటీ ఇస్తారు. "నొప్పి లేని అబార్షన్" అని ప్రకటనలిచ్చే చోట్ల జోలికి పోకు. అలాంటి ఒక చోట మామూలు చెకప్‌కి పదకొండు టెస్టులు రాస్తే లేచి వచ్చేశాను.

లోపల గది తలుపు సరిగ్గా మూయరు, నీ వెనకే ఇంకో ఇద్దరు నిలబడి ఉంటారు. మొదటి ప్రశ్న కిందటి నెలసరి తేదీ. రెండోది "పెళ్ళయిందా?" మన పిల్లలు ఠక్కున "లేదు" అనేస్తారు. ఆవిడ అడిగేది తాళి గురించి కాదమ్మా, శారీరక సంబంధం ఉందా అని. లేదంటే లోపలి నుంచి స్కాన్ చేయరు, ప్రెగ్నెన్సీ టెస్టు కూడా వదిలేయొచ్చు. అందుకే నిజమే చెప్పు. ఏ కాస్త అనుమానమున్నా ముందే మందుల షాపులో స్ట్రిప్ కొని చూసుకో. చీటీ లేకుండానే దొరికే "యూతింగ్" మాత్ర కలిసిన 72 గంటల్లోపు గర్భం రాకుండా వేసుకునే అత్యవసర మందు, నెలనెలా మింగేది కాదు. దాంతో తర్వాతి డేట్ కూడా అటూఇటూ అవుతుంది.

ఇంత మొహమాటం లేకుండా అడుగుతారేంటని మొదట్లో నాకూ ఒళ్ళు మండేది. మా ఆఫీసులో పనిచేసి రిటైరైన ఒకావిడ చెప్పింది, 1990లో బిడ్డ పుట్టాక మళ్ళీ గర్భం రాకుండా తనకు లూప్ వేశారట, ముట్లుడిగాకే తీయించుకుందట. ఒకే బిడ్డ నిబంధన 2015 దాకా నడిచిన దేశం, ఆడవాళ్ళ నెలసరి లెక్క సర్కారు లెక్కే అయిపోయింది. ఈ ప్రశ్న వీళ్ళకు రేషన్ కార్డు అడిగినంత మామూలు. పిల్లలకు నేర్పడం దగ్గర మాత్రం వీళ్ళకీ మనకున్నంత సిగ్గే. వయసుకు తగ్గ లైంగిక విద్య బడిలో చెప్పాలని 2021 జూన్ నుంచి చట్టమే ఉన్నా, మా అమ్మాయి క్లాసులో టీచరమ్మ ఆ పేజీలు ఇంట్లో చదువుకోమందట.

చెల్లీ, పరీక్షల టెన్షన్ కావచ్చు, థైరాయిడ్ కావచ్చు, అండాశయాల్లో చిన్న చిన్న బుడగలొచ్చే పీసీఓడీ కావచ్చు. దాన్నిక్కడ "దువోనాంగ్" అంటారు. తేదీలు ఫోన్‌లో రాసుకుని వెళ్ళు. పొట్ట మీద స్కాన్ రాస్తే లీటరు నీళ్ళు తాగి కూర్చో. పిలిచేదాకా బాత్రూమ్‌కి మాత్రం వెళ్ళకు, మళ్ళీ మొదటి నుంచి తాగమంటారు.