థైరాయిడ్ స్కాన్ చూసి ఆ కోర్సే చదువుతానంటోంది...

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో ఏడాది చదువుతోంది. వాళ్ల అమ్మకు థైరాయిడ్ స్కాన్ తీయించినప్పుడు తోడు వెళ్లింది. అప్పటి నుంచి న్యూక్లియర్ మెడిసిన్ టెక్నాలజీ చదువుతానంటోంది. రోజూ రేడియేషన్ మధ్య పని అంటే మాకు భయం. రేపు పెళ్లి, పిల్లలు... ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఆడపిల్ల తండ్రిగా మీ భయం సహజం. అందుకే ముందు ఆ పనేమిటో చెబుతాను.

థైరాయిడ్ గ్రంథికి అయోడిన్ కావాలి. స్కాన్‌కి ముందు చేతి నరంలో ఎక్కించే మందులో సాధారణంగా ఉండేది టెక్నీషియం-99ఎం అనే రేడియోధార్మిక పదార్థం. గ్రంథి దాన్ని కూడా అయోడిన్ లాగే లోపలికి లాక్కుంటుంది. అక్కడి నుంచి వచ్చే గామా కిరణాలను కెమెరా బొమ్మగా చూపిస్తుంది. ఆ మందు ఆరు గంటలకు సగమవుతుంది, మర్నాడు అదే వేళకు పదహారో వంతు కూడా మిగలదు. చికిత్సకు వాడే రేడియోధార్మిక అయోడిన్-131 సగమవడానికి పట్టే కాలం (అర్ధాయువు) మాత్రం 8 రోజులు. దాని బీటా కణాలు ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటి పోవు కాబట్టి, చేరిన చోటే పనిచేస్తాయి. 1941లో బోస్టన్‌లో సాల్ హెర్ట్జ్ అనే డాక్టరు గ్రేవ్స్ వ్యాధికి (థైరాయిడ్ అతిగా పనిచేసే జబ్బు) రేడియో అయోడిన్ ఇచ్చినప్పటి నుంచి ఈ వైద్యం ఉంది.

టెక్నాలజిస్టు పొద్దున్నే జెనరేటర్ (టెక్నీషియం తయారయ్యే పరికరం) నుంచి టెక్నీషియం తీయాలి. ఆవు పాలు పితికినట్టు ఏరోజుకారోజు తీస్తారు కాబట్టి ల్యాబుల్లో దీన్ని ‘మిల్కింగ్’ అనే అంటారు. డోసు కొలవాలి, సీసం తొడుగున్న సిరంజిలో నింపాలి. మందు ఇచ్చేముందు గర్భవతా, పాలిచ్చే తల్లా అని ప్రతి ఆడమనిషినీ అడగాలి. గర్భిణికి అయోడిన్-131 ఇవ్వకూడదు, కడుపులోని బిడ్డ థైరాయిడ్‌కీ అది చేరుతుంది. ఇంత ఓపిక, జాగ్రత్త మీ అమ్మాయిలో ఉన్నాయా? మార్కుల కంటే నాకు ఇదే ముఖ్యం.

ఇక రేడియేషన్ సంగతి. ఛాతీకి పెట్టుకునే టీఎల్‌డీ బ్యాడ్జి ఎంత డోసు తగిలిందో లెక్క కడుతుంది. మన దేశంలో అయిదేళ్ల సగటు ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు (ఒంటికి తగిలే రేడియేషన్‌కు కొలత) దాటకూడదు, ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. గర్భం వచ్చిందని చెప్పాక మిగిలిన నెలలకు బిడ్డకు 1 మిల్లీసీవర్టే పరిమితి, దానికి తగ్గట్టు డ్యూటీ మారుస్తారు. పెళ్లికి, పిల్లలకు ఈ ఉద్యోగం అడ్డు కాదు.

నన్నడిగితే భయపడాల్సింది కాలేజీ ఎంపిక గురించి. సొంత ఆసుపత్రిలో గామా కెమెరా, హాట్ ల్యాబ్ (రేడియోధార్మిక మందులు సిద్ధం చేసే గది), అయోడిన్ చికిత్స వార్డు లేని చోట ఈ డిగ్రీ చేర్పించకండి. పుస్తకంలో చదివి వచ్చే పని కాదిది. కోర్సుకు ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) గుర్తింపు ఉందో లేదో ఫీజు కట్టకముందే చూసుకోండి. డిగ్రీ తర్వాత ఢిల్లీ ఎయిమ్స్, చండీగఢ్ పీజీఐలలో ఎమ్మెస్సీ ఉంది. ఎక్స్‌రే, ల్యాబ్ టెక్నీషియన్లకు దొరికినన్ని ఉద్యోగాలు ఇందులో ఉండవు. ఉన్నవీ పెద్ద ఊళ్లలోనే. ఖమ్మంలోనే ఉండాలనుకుంటే కష్టం.

హైదరాబాద్ నిమ్స్‌లో న్యూక్లియర్ మెడిసిన్ విభాగం ఉంది. అనుమతి అడిగి ఒక పూట అమ్మాయిని తీసుకెళ్లండి. అక్కడి టెక్నాలజిస్టుని, పోయిన ఏడాది మీ బ్యాడ్జి రీడింగు ఎంత వచ్చిందమ్మా అని మీరే అడగండి.